కంకుల లెక్క

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో ఒక లేజర్ ఆయుధం ఎగురుతున్న డ్రోన్‌ని మాడ్చి నేల కూల్చింది. ఫిరంగి మోత లేదు, క్షిపణి వదిలే పొగ తోక లేదు. 30 కిలోవాట్ల కాంతి వెళ్లి దాని మీద నిలిచింది, డ్రోన్ కమిలి రాలిపోయింది. ఆ ఆయుధం వెనక ఉన్నది హైదరాబాద్‌లోని ‘చెస్’ ప్రయోగశాల. ఆ కొన్ని సెకన్ల దృశ్యాన్ని టీవీలు తిప్పి తిప్పి చూపించాయి. చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. నా పేచీ ఆ ఆయుధంతో కాదు, దాని వెనకే వచ్చిన మాటతో: ‘ఇంకేం, డ్రోన్ల బెడద తీరిపోయింది. ముఖ్యమైన చోటల్లా ఇలాంటిదొకటి కొని పెట్టేస్తే సరి.’

ఈ మాట ఇవాళ పుట్టింది కాదు. 2021 జూన్ 27న అర్ధరాత్రి దాటాక జమ్మూ వైమానిక కేంద్రం మీద డ్రోన్లు అయిదారు నిమిషాల తేడాతో రెండు బాంబులు జారవిడిచినప్పుడు మొదలైంది. 2023 జనవరిలో తిరుమల ఆలయాన్ని పైనుంచి తీసిన దృశ్యాలంటూ ఒక వీడియో ఫోన్లలో తిరిగినప్పుడు మళ్లీ లేచింది. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ‘సుదర్శన చక్ర’ సంకల్పాన్ని ప్రకటించారు. 2035 నాటికి సైనిక స్థావరాలతో పాటు ఆస్పత్రులకూ రైల్వేలకూ ఆరాధనా స్థలాలకూ కవచం కడతామన్నారు. దాంతో ఆ మాటకు జాతీయ గౌరవం కూడా వచ్చింది. ఇప్పుడు భద్రత మీద ఎక్కడ చర్చ జరిగినా అది చివరికి వచ్చి ఆగేది ఒకే ప్రశ్న దగ్గర: యాంటీ డ్రోన్ యంత్రం ఏది కొందాం, ఎంతకు కొందాం?

పూర్వపక్షాన్ని పలచన చేసి ఖండించడం న్యాయం కాదు గనక వాళ్ల వాదనను దాని బలంతోనే చెబుతాను. ముప్పు గాల్లోంచి వస్తోంది, కాబట్టి గాల్లోనే తుంచాలి. మూడు దారులున్నాయి. జామర్‌తో డ్రోన్‌కీ దాని యజమానికీ మధ్య సంబంధం తెంపడం. లొంగకపోతే తూటాతోనో లేజర్‌తోనో కూల్చడం. ఈ రెండూ అక్కర్లేకుండా కఠినమైన చట్టంతో అసలు ఎగరనివ్వకపోవడం. ఈ మూడూ ఉన్న చోటు భద్రం, లేని చోటు అభద్రం.

నేనంటున్నది ఇది: మూడూ ఉండాల్సినవే, కానీ మూడింటినీ కట్టగట్టినా కాపలా అనిపించుకోదు. మన పల్లెల్లో జొన్న చేనుకి మంచె వేసేవాళ్లు. దాని మీద కూర్చున్నవాడి చేతిలో వడిసెల ఉండేది, పక్కన డబ్బా ఉండేది, చేలో దిష్టిబొమ్మ ఉండేది. సాయంత్రం రైతు వచ్చి వాణ్ని ‘ఎన్ని పిట్టల్ని కొట్టావురా?’ అని అడగడు. చేనులోకి దిగి కంకులు చూసుకుంటాడు. డ్రోన్ల విషయంలో మనం పిట్టల లెక్కతో మురిసిపోతూ కంకుల లెక్క మరిచాం. ఈ వ్యాసం గోలంతా అదే.

ముందు జామర్ సంగతి. పెళ్లి వీడియోలు తీసే మామూలు డ్రోన్ ఎక్కువగా 2.4, 5.8 గిగాహెర్ట్జ్ తరంగాల మీద యజమాని మాట వింటుంది. ఆ తరంగాల్లో జామర్ గోల పెడితే దానికి మాట వినపడదు. అప్పుడేం చేయాలో ముందే నేర్పి ఉంటారు కాబట్టి ఉన్నచోట దిగిపోతుంది, లేదా బయల్దేరిన చోటికి తిరిగి వెళ్తుంది. తెలియక వచ్చిన కుర్రాడి డ్రోన్‌కి ఇది సరిపోతుంది. తెలిసి వచ్చినవాడి సంగతేమిటి? దారంతా ముందే బుర్రకెక్కించుకుని బయల్దేరిన డ్రోన్‌కి ఎవరి మాటా అక్కర్లేదు. ఉక్రెయిన్ యుద్ధంలో 2024 నుంచి విరివిగా కనిపిస్తున్న డ్రోన్లు ఇంకో ఆకు ఎక్కువే చదివాయి. వెంట్రుకంత సన్నటి ఆప్టికల్ ఫైబర్‌ని కండె నుంచి వదులుకుంటూ పది, ఇరవై కిలోమీటర్లు పోతాయి. మాటంతా ఆ తీగలోనే నడుస్తుంది. బయట ఎంత గోల పెట్టినా వాటి చెవిన పడదు. అంత దూరం ఎందుకు, 2022 జులై 4న గన్నవరంలో ప్రధాని హెలికాప్టర్ లేచిన దరిదాపుల్లో కొందరు నిరసనగా నల్ల బెలూన్లు వదిలారు. బెలూన్‌ని ఏ జామర్ ఆపుతుంది?

పైగా జామర్‌కి తన, పర తేడా లేదు. 2.4 గిగాహెర్ట్జ్ అంటే మన ఇళ్లలో వైఫై పనిచేసే తరంగమే. జీపీఎస్‌ని చెడగొట్టే జామర్ శత్రువు డ్రోన్‌తో పాటు ఆ దారిన వెళ్లే విమానాన్నీ ఓడనూ తికమక పెడుతుంది. నౌకాదళ స్థావరం, ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, విమానాల రాకపోకలు అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్న విశాఖ లాంటి ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ వాడటం నేరమైంది ఇందుకే.

ఇక కూల్చడం. కూల్చేముందు అదేమిటో తెలియాలి కదా. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ దాడి మర్నాడు, శ్రీనగర్ దగ్గర బుద్గాంలో మన వైమానిక దళపు ఎమ్‌ఐ-17 హెలికాప్టర్‌ని మన క్షిపణే కూల్చింది. అందులోని ఆరుగురు సిబ్బంది, కింద ఒక పౌరుడు ప్రాణాలు కోల్పోయారు. అది తమ వైపు పెద్ద తప్పేనని ఆ ఏడాది అక్టోబరులో వైమానిక దళాధిపతి ఒప్పుకున్నారు. హెలికాప్టర్ ఎంత, డ్రోన్ ఎంత! అంతటిదాన్నే పోల్చుకోలేని ఘడియలు ఉంటాయని యుద్ధం ఎరిగినవాళ్లకి తెలుసు. 2024 డిసెంబరు 25న బాకూ నుంచి గ్రోజ్నీకి వెళ్తున్న అజర్‌బైజాన్ ఎయిర్‌లైన్స్ విమానం ఇలాంటి ఘడియలోనే చిక్కుకుంది. గ్రోజ్నీ మీదికి ఉక్రెయిన్ డ్రోన్లు వస్తున్నాయని రష్యా గగన రక్షణ దళం కాల్పుల్లో మునిగి ఉంది. దెబ్బతిన్న విమానం కాస్పియన్ దాటి అక్తావ్ దగ్గర కూలింది. ఉన్న 67 మందిలో 38 మంది చనిపోయారు. తమ క్షిపణులు ఆ విమానం దగ్గర్లో పేలాయని తర్వాత రష్యా అధ్యక్షుడే అంగీకరించారు. డ్రోన్ల నుంచి ఊరిని కాపాడబోయి ప్రయాణికుల్ని పొట్టన పెట్టుకున్న కాపలా అది.

అసలు డ్రోన్ వచ్చిందో లేదో కూడా తెలియని సందర్భాలున్నాయి. 2018 డిసెంబరులో, క్రిస్మస్ ముందు, లండన్ గాట్విక్ విమానాశ్రయం దగ్గర డ్రోన్లు కనబడ్డాయని కబురొచ్చి రన్‌వే మూసేశారు. దాదాపు 1,000 విమానాలు ఆగిపోవడమో దారి మళ్లడమో జరిగింది, 1,40,000 మంది ప్రయాణికులు ఇరుక్కుపోయారు. ఒక జంటను అరెస్టు చేసి, సంబంధం లేదని తేలి వదిలేశారు. అసలు దోషి ఇవాళ్టికీ దొరకలేదు. జనం చూశామన్న వాటిలో కొన్ని పోలీసులు గాలింపుకి ఎగరేసిన డ్రోన్లే అయ్యుండొచ్చని అక్కడి పోలీసు ఉన్నతాధికారే చెప్పారు. లేజర్ ఉంటే దాన్ని ఎవరి మీదికి గురిపెట్టేవాళ్లు?

పోల్చుకున్నారనే అనుకుందాం, గురి తప్పలేదనే అనుకుందాం. కూలింది ఎక్కడ పడుతుంది? కర్నూలు పరీక్షా క్షేత్రంలో కింద ఉన్నది ఖాళీ నేల. తిరుమల మాడవీధుల్లో అలా కాదు, ఏ మామూలు రోజైనా అరవై, డెబ్బై వేల మంది దర్శనానికి వస్తారు. ఎగిరే డ్రోన్ ఒక ప్రమాదం, తలల మీద రాలే డ్రోన్ ఇంకో ప్రమాదం, దాన్ని చూసి తోసుకునే జనం మూడో ప్రమాదం. వీటిలో మొదటిదే అన్నిటికన్నా చిన్నది కావచ్చు. ఇక లేజర్‌కి దాని ఇబ్బందులు దానికున్నాయి. ఒకే చోట కొన్ని సెకన్లు నిలవాలి. ఒకదాన్ని ముగించాకే రెండోదాని మీదికి పోవాలి. పొగమంచు, దుమ్ము, వాన, సముద్రపు తేమ దాని వాడి తగ్గిస్తాయి. శీతాకాలం తెల్లవారుజామున గోదావరి ఒడ్డునో శ్రీహరికోట తీరానో నిలబడి చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఖర్చు లెక్క ఇంకా చేదు. ఇరాన్ నమూనా షాహెద్ డ్రోన్ ధర 20,000 నుంచి 50,000 డాలర్లుంటుందని నిపుణుల అంచనా. దాన్ని కూల్చగల అధునాతన పేట్రియాట్ క్షిపణి ఒక్కోటి 40 లక్షల డాలర్లకు అటూ ఇటూ. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ సామెతలో పిచ్చుక ఒకటే. ఇక్కడ పిచ్చుకలు వందల్లో వస్తాయి, బ్రహ్మాస్త్రాలు మాత్రం లెక్కపెట్టినన్నే ఉంటాయి. శత్రువు గురి మన కట్టడం మీదే ఉండనక్కర్లేదు, మన అమ్ములపొది మీద ఉన్నా వాడికి చాలు.

యంత్రం మీద ఉన్న మోజే కొన్నిసార్లు పక్షుల మీదికీ మళ్లుతుంది. నెదర్లాండ్స్ పోలీసులు 2016లో డ్రోన్లను తన్నుకుపోయేలా గద్దలకు శిక్షణ మొదలుపెట్టి, ఖర్చు ఎక్కువైంది, అవి చెప్పినట్టు వినడం లేదని 2017 చివర మానుకున్నారు. తెలంగాణ పోలీసులు కూడా మొయినాబాద్‌లో గద్దల దళాన్ని తయారుచేశారు. ప్రదర్శనలో చూడముచ్చటగానే ఉంటుంది. ప్రముఖుల సభ దగ్గర ఒక చిన్న డ్రోన్‌కి పనికొస్తుందేమో కూడా. కానీ ప్రదర్శనలో చప్పట్లు కొట్టించేదంతా కాపలాలో పనికొస్తుందనుకోవడం మన పాత జబ్బు.

మూడోది చట్టం. కఠినంగా నిషేధిస్తే సరి అనేవాళ్లకి 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు మెతకగా కనిపిస్తాయి. ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విడదీసి, ఆకుపచ్చలో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదన్నాయి. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలే. దీన్ని బిగించి ఎక్కడికక్కడ నిషేధం పెట్టాలట. బాంబు మోసుకొచ్చేవాడు పటం తీసి ఎర్ర గీత ఎక్కడుందో చూసుకుని ఆగుతాడా? నిషేధంతో నష్టపోయేది మిరప చేనుకి మందు కొట్టించే గుంటూరు రైతు, ‘నమో డ్రోన్ దీదీ’ పథకం కింద డ్రోన్ నడపడం నేర్చుకున్న స్వయం సహాయక సంఘం మహిళ. లేజర్ డ్రోన్‌ని మాడ్చిన ఆ కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లు దగ్గర 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ తలపెట్టారన్నది మరిచిపోకూడదు. ఒక చేత్తో పెంచుతూ ఇంకో చేత్తో నరకడం కుదరదు.

చట్టానికి అసలు పని వేరే ఉంది. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే ఇట్టే పోల్చుకునేది ఊరివాళ్లందరూ ఒకరికొకరు తెలిసిన ఊళ్లోనే. నమోదు చేసుకుని, నంబరు వేయించుకుని, ఎప్పుడెక్కడ ఎగురుతున్నదీ తెలియజేసే డ్రోన్లు పెరిగేకొద్దీ తెలియని డ్రోన్ ఒంటరిగా బయటపడుతుంది. అమాయకుణ్ని భయపెట్టి దాక్కునేలా చేసే చట్టం దొంగకి గుంపులో చోటిస్తుంది. హద్దు దాటకుండా డ్రోన్ కంపెనీలే చూసుకుంటాయన్న ధీమా కూడా వద్దు. ప్రపంచంలోనే పెద్ద తయారీ సంస్థ డీజేఐ 2025 జనవరిలో అమెరికాలో తన డ్రోన్లకున్న నిషిద్ధ ప్రాంతాల కట్టడిని తీసేసి, హెచ్చరిక చూపించి ఊరుకుంది.

ఇక్కడ నా ప్రత్యర్థి గట్టి బాణం తీస్తాడు: ‘ఆపరేషన్ సిందూర్ సంగతేమిటి? 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకి 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వమే చెప్పింది. కూల్చే కదా కాపాడుకున్నాం?’ నిజమే, కూల్చాం. దేనితో కూల్చామన్నది చూడండి. ఆ రాత్రుల్లో మెప్పు పొందినవాటిలో ఎల్-70 ఫిరంగి ఒకటి. 1960ల నుంచి మన సైన్యం దగ్గరున్న పాత స్వీడన్ ఫిరంగి అది, దానికి కొత్త రాడార్, కొత్త కెమెరా తగిలించారు. అంతకంటే ముఖ్యం, రాడార్లు చూసిందంతా ఒకే తెర మీదికి తెచ్చి ఎవరు దేన్ని కొట్టాలో చెప్పిన ‘ఆకాశ్‌తీర్’ వ్యవస్థ. గెలిచింది చూపు, సమన్వయం, ఏళ్ల తరబడి కసరత్తు చేసిన మనుషులు. ఆ కథలోంచి ఫిరంగిని మాత్రం ఊడదీసి రిఫైనరీ గేటు దగ్గర పెడితే అదే ఫలితం వస్తుందనుకోవడం, మృదంగం కొనుక్కుంటే లయ వస్తుందనుకోవడం లాంటిదే. పైగా అది సరిహద్దు, యుద్ధ సమయం. కాల్చే అధికారం ఎవరిదన్న సందేహం అక్కడ లేదు. శాంతికాలంలో, ఊరి నడుమ, ఆ సందేహమే సగం ఓటమి.

అమెరికాలో లాంగ్లీ వైమానిక స్థావరం మీద 2023 డిసెంబరులో 17 రాత్రులు గుర్తు తెలియని డ్రోన్లు తిరిగాయి. ఎఫ్-22 లాంటి యుద్ధ విమానాలుండే చోటు అది. ప్రపంచంలోకెల్లా డబ్బున్న సైన్యం చూస్తూ ఉండిపోయింది. ఆయుధాలకు కొదవై కాదు. సొంత గడ్డ మీద, పౌరుల ఇళ్ల నడుమ, ఏం చేయడానికి చట్టం ఒప్పుకుంటుందో తేలక. మన దగ్గర పరిస్థితి ఇంతకంటే తేలికేం కాదు. లోపల సీఐఎస్‌ఎఫ్, గోడ బయట రాష్ట్ర పోలీసులు, ఆకాశం వైమానిక దళానిది, ఎగిరే అనుమతులు పౌర విమానయాన శాఖవి, తరంగాలు టెలికాం శాఖవి. డ్రోన్ కంటబడ్డాక చేతిలో ఉండేది ఒకటి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో అయిదు ఫోన్లు చేయాలంటే అమ్ములపొదిలో ఏముంటే ఏం?

మరి నువ్వేం చేయమంటావని అడుగుతారు. అడగాల్సిందే, ఖండించి ఊరుకుంటే అది వట్టి నోటి దురద.

మొదట చెవులు. ఉక్రెయిన్‌లో ఇద్దరు ఇంజినీర్లు గ్యారేజీలో మొదలుపెట్టిన ఆలోచన దేశమంతా పాకింది. స్తంభాలకు మామూలు మైకులు కట్టి, వచ్చే డ్రోన్ ఇంజిన్ మోత పట్టుకుని, ట్రక్కుల మీద మెషిన్‌గన్లతో తిరిగే దళాలకు కబురందిస్తారు. దాదాపు 10,000 మైకులు, ఒక్కోటి నాలుగైదు వందల డాలర్లు. అన్నీ కలిపినా రెండు పేట్రియాట్ క్షిపణుల ఖరీదు కాదు. మన మంచె మీది మనిషి చేసిందీ ఇదే: ముందు వినడం, తర్వాత లేవడం.

రెండోది, ఎవరి మాట చెల్లుతుందో ముందే కాగితం మీద తేల్చడం. ఒక చోటుకి ఒక అధికారి, ఆయన లేకపోతే ఫలానా అధికారి. ఏ ఎత్తున, ఏ దూరాన వస్తే ఏం చేయాలో, ఎప్పుడు ఏమీ చేయకుండా జనాన్ని పక్కకు తప్పించాలో రాసి, ఏడాదికి నాలుగుసార్లు రాత్రిపూట కసరత్తు చేయించాలి. దీనికి టెండర్ అక్కర్లేదు. అందుకేనేమో దీని గురించి ఎవరూ మాట్లాడరు.

మూడోది కప్పు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ ‘స్పైడర్ వెబ్’ పేరుతో రష్యా లోపలికి ట్రక్కుల్లో, చెక్క గదుల పైకప్పుల కింద దాచిన 117 డ్రోన్లను వదిలి, బాంబర్ విమానాలను తగలబెట్టింది. అవి సరిహద్దు మీదుగా ఎగిరి రావాల్సిన పనే పడలేదు, స్థావరాల పక్కనే లేచాయి. వేల కిలోమీటర్ల గగన రక్షణ అక్కరకు రాలేదు. ఆ విమానాలు ఆరుబయట నిలిపి ఉన్నాయి. మళ్లీ తయారుచేయలేని టీయూ-95 లాంటి వాటికి నెత్తిన రేకుల కప్పు కూడా లేదు. అదే ఉక్రెయిన్ తన విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ రాళ్లు నింపిన వలబుట్టలు పేర్చింది, పైన కాంక్రీటు గూళ్లు కట్టింది, సైన్యం తిరిగే రోడ్ల పైన కప్పులా వలలు కట్టింది. వల జామర్‌లా తికమకపడదు, లేజర్‌లా మబ్బుకు జడవదు. టీవీలో మాత్రం అందంగా కనిపించదు.

నాలుగోది, దెబ్బ తగిలినా లేచి నిలబడే సత్తా. 2019 సెప్టెంబరు 14న సౌదీ అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు వచ్చి పడ్డాయి. దేశపు చమురు ఉత్పత్తిలో సగం, రోజుకు 57 లక్షల పీపాలు, ఒక్క దెబ్బకు ఆగింది. కోట్ల డాలర్ల పేట్రియాట్లున్న దేశం అది. నెల తిరక్కముందే ఉత్పత్తి మళ్లీ అందుకుంది. నిలబెట్టింది గిడ్డంగిలోని విడిభాగాలు, ట్యాంకుల్లోని నిల్వ చమురు, రాత్రింబవళ్లు పనిచేసిన మరమ్మతు సిబ్బంది. గగన రక్షణ ఓడిపోయిన చోట కాపలా గెలిచింది. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ నాలుగూ చేశాక లేజర్ కొనండి, సంతోషంగా కొనండి. కర్నూలులో మాడి రాలిన ఆ డ్రోన్ మన శాస్త్రజ్ఞుల ప్రతిభకు నిదర్శనమే. అది వడిసెలలో రాయి. రాయి గట్టిదే కావాలి. కానీ ఈసారి ఏ గుడి దగ్గరైనా, రేవు దగ్గరైనా, విద్యుత్ కేంద్రం దగ్గరైనా యాంటీ డ్రోన్ పరికరానికి రిబ్బన్ కత్తిరిస్తుంటే, అది ఎన్ని కిలోమీటర్ల దూరం కొడుతుందని అడక్కండి. ఒక డ్రోన్ తప్పించుకుని లోపల పడితే మర్నాడు ఉదయం ఇక్కడ పని మొదలవుతుందా అని అడగండి. జమ్మూలో ఆ రాత్రి ఒక బాంబు ఒక భవనం కప్పుకి చిల్లు పెట్టింది, రెండోది ఖాళీ స్థలంలో పేలింది, ఇద్దరికి స్వల్ప గాయాలయ్యాయి. పక్కనే ఉన్న విమానాలకి ఏమీ కాలేదు. దాన్ని మన కాపలా ఖాతాలో రాసుకునే వీల్లేదు. పిట్ట చేను మీద వాలింది, ఎందుకో కంకి ముట్టకుండా లేచిపోయింది.